జమిడికకు వచ్చిన జబ్బు

బైండ్ల ఓదేలు ఇంట్లో జమిడికకు జబ్బు చేసిందని జిల్లా కేంద్రం నుంచి కాగితం వచ్చింది.

కాగితం మీద ముద్ర ఉంది, సంతకం ఉంది, జబ్బు పేరు కూడా ఉంది. "సదరు కళాకారుడు తన గృహ కంప్యూటరు ద్వారా సమర్పించిన ధ్వనిముద్రణయందు వికృతి అను దోషము తీవ్రస్థాయిలో కలదు. కావున తక్షణమే దోషనివారణ గావించి పునఃసమర్పణ చేయవలెను." చదివింది ఓదేలు భార్య భూలచ్చమ్మ. మహిళా సంఘం మీటింగుల్లో తీర్మానాలు విని విని ఆమెకు ఈ రకం తెలుగు కొంచెం లొంగింది.

"ఏమంటున్నరే?" అన్నాడు ఓదేలు పలుపు పేనుతూ.

"నీ పాటకు పిచ్చి లేసిందంటున్నరు."

ఓదేలు పలుపు పక్కన పెట్టి, దూలానికి వేలాడుతున్న జమిడికను దించి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇత్తడి గుల్ల బాగానే ఉంది. దాని మూతికి కట్టిన మేకతోలు బాగానే ఉంది. తోలు నడుమ నుంచి వచ్చే నరమూ బాగానే ఉంది. గుల్లను చంకలో ఇరికించి, నరం కొసను గుప్పిట్లో బిగించి పుల్లతో మీటాడు. జమిడిక ఎప్పటిలాగే గుర్రుమని లేచింది, మూలిగింది, వాగు అవతల ఎవరినో పిలిచినట్టు సాగింది, మళ్ళీ కిందికి వచ్చి పడుకుంది. కొట్టంలో బర్రె ఎప్పటిలాగే చెవులు రిక్కించింది.

"దీనికేం జబ్బు? నాకన్న మంచిగున్నది," అన్నాడు.

అసలు సంగతి ఎక్కడ మొదలైందంటే, ఎక్కడో ఒక జాతరలో ఒక పెద్దమనిషి మాట్లాడబోతుండగా మైకు కీచుమన్నది. పెద్దమనిషి చెవి మూసుకున్నాడు. ఆ చెవి తెరుచుకునేలోగా జానపద ధ్వని పరిరక్షణ మండలి పుట్టింది. పల్లెల శబ్దాలన్నిటినీ దోషం లేకుండా కాపాడటం దాని ఆశయం. ఇకమీదట ఏ జాతరలోనైనా వాయిద్యం మోగాలంటే ఆ వాయిద్యానికి మండలి ఇచ్చిన శుద్ధధ్వని గుర్తింపు ఉండాలి. గుర్తింపు కోసం కళాకారుడు ఎక్కడికీ తిరగనక్కర్లేదు, కంప్యూటర్‌ను మండలే ఇస్తుంది. ఇంట్లో కూర్చుని వాయించి, అందులో ఎక్కించి పంపితే చాలు. అలా తలుపుల్లేని ఇళ్ళకు కూడా కంప్యూటర్లు వచ్చాయి.

ఆ కంప్యూటర్లో శుద్ధవాణి అని ఒక పరీక్షకుడు ఉంటాడు. మనిషి కాదు, లోపలే ఉండే ఏర్పాటు. విన్నది దానికి నచ్చితే తెర మీద పచ్చదీపం, సందేహముంటే పసుపు, దోషముంటే ఎరుపు. శుద్ధవాణిని తయారుచేసిన ఇంజనీరు గారు అప్పట్లో పిల్లనగ్రోవి నేర్చుకుంటున్నారు. తనకు వచ్చిన నాలుగు స్వరాలు దానికి వినిపించి, శబ్దమంటే ఇదీ అని నేర్పారు. అప్పటి నుంచి అది ఏ శబ్దం విన్నా ఇంజనీరు గారితో పోల్చి చూసుకుంటుంది.

ఓదేలు ఊరు రేగులగుట్టలో ఎల్లమ్మ జాతర వైశాఖంలో. ముగ్గులతో పట్నం వేసి, జమిడిక మీటి, అమ్మవారి కథ చెప్పేది ఓదేలు. వంత పాడేది భూలచ్చమ్మ. కథ ముదిరితే శివసత్తి కొమరవ్వకు పూనకం వస్తుంది. పూనకంలో అమ్మ పలికి, ఈ ఏడు విత్తనం ముందు వేయాలో వెనక వేయాలో చెబుతుంది. ఏడాదిలో తక్కిన రోజులన్నీ ఓదేలు ఎవరో ఒకరి చేలో కూలివాడు. ఒరేయ్ అంటే పలుకుతాడు. ఆ ఒక్క పూట మాత్రం దొరలు కూడా కింద కూర్చుని, అతను నిలబడి చెప్పేది వింటారు. ఆ పూట కోసమే అతను మిగతా ఏడాదిని లాగుతాడు.

ఆ పూటకే ఇప్పుడు గండం వచ్చింది.

"గుర్తింపు కారటు లేకుంటే ఈసారి నీ కథ లేదు ఓదేలన్నా," అన్నాడు సర్పంచ్ రాంచంద్రం. "పోలీసోళ్ళు పర్మిషన్ ఇయ్యరట. కావాలంటే పెద్ద డబ్బాలు వెట్టి సినిమా పాటలేసుకోమన్నరు. వాటికి పచ్చదీపం ముందే పడ్డదట."

"సినిమా పాటకు అమ్మ వస్తదా?"

"ఎవలన్న ఒకలొస్తరు. డ్యాన్సుకు."

ఓదేలు ఇంటికి వచ్చి, "ఆ డబ్బా తియ్యవే, మళ్ళ ఎక్కిద్దాం," అన్నాడు.

కంప్యూటర్ ముందు కూర్చునేది భూలచ్చమ్మే. సంఘంలో వేలిముద్రలు తీసుకునే మిషన్ నడిపిన చెయ్యి. ఆమె బొత్తాం నొక్కింది, ఓదేలు మీటాడు, ఎర్రదీపం పడింది. కాగితం అడుగున దోషనివారణ కేంద్రం ఫోన్ నంబరు ఉంటే దానికి చేశారు.

"కంప్యూటరును ఒకసారి ఆపి మరల వేయండి," అంది అవతలి గొంతు.

ఆపి వేశారు. ఎరుపే.

"మైకు తీగను ఒకసారి ఊడదీసి మరల పెట్టండి."

పెట్టారు. ఎరుపే.

అవతలి గొంతు కాసేపు ఆలోచించింది. "కళాకారుణ్ణి ఒకసారి ఆపి మరల వేయండి."

భూలచ్చమ్మ మొగుడి వైపు చూసింది. "నిన్ను బందువెట్టి మళ్ళ షురూ చెయ్యాల్నట. బయటికి వోయి బీడీ తాగిరా."

ఓదేలు బీడీ తాగి వచ్చి మీటాడు. దీపం ఇంకా ఎర్రగా వెలిగినట్టు అనిపించింది. అవతలి గొంతు తన శక్తిమేరకు దోషనివారణ జరిగిందనీ, ఇక క్షేత్రస్థాయి పరిశీలన తప్పదనీ చెప్పి పెట్టేసింది.

పరిశీలనకు కరుణాకర్ అనే తనిఖీ అధికారి వచ్చాడు. ఇదివరకు ఆయన చేపల శాఖలో ఉండేవాడు. చేపలు చప్పుడు చేయవు గనుక శబ్దాల విషయంలో ఆయనకు ఏ పక్షపాతమూ ఉండదని మండలి ఏరి తెచ్చుకుంది. మనిషి నెమ్మదస్థుడు. గడపలో చెప్పులు విడిచి, భూలచ్చమ్మ ఇచ్చిన చాయ్ తాగి, పని మొదలుపెట్టాడు. తీగ మార్చాడు. మైకు మార్చాడు. సౌండు పెట్టె మార్చాడు. లోపలికి వచ్చే శబ్దాన్ని తగ్గించే గుబ్బను మొదట సగానికి, తర్వాత ఇంకా కిందికి తిప్పాడు. శుద్ధవాణిని మొత్తం తీసేసి కొత్తగా ఎక్కించాడు. కొత్త శుద్ధవాణి పాతదానికంటే త్వరగా ఎర్రదీపం వేసింది.

"పరిసరాల్లో ఇతర శబ్దములు ఉన్నాయి. వాటి ప్రభావం పడుతున్నది," అన్నాడు కరుణాకర్.

ముందు ఫ్యాను ఆపారు. తర్వాత కోళ్ళను గంప కింద మూశారు. కోడిపుంజు గంప కింద కూడా తన పని మానకపోతే దాన్ని మేనమామ ఊరికి పంపారు. బర్రె నెమరు చప్పుడు మైకులో పడుతున్నదని దాన్ని చేను గట్టున కట్టేశారు. పక్కింటి ముసలవ్వ దగ్గును కొన్నాళ్ళు బిడ్డ ఊళ్ళో ఉంచమన్నారు. దగ్గుతోపాటు ముసలవ్వా వెళ్ళింది. అప్పటికీ ఎరుపు తగ్గకపోతే మండలి ఆ వీధిని నిశ్శబ్ద పరిధిగా ప్రకటించి, రెండు మూలలా బోర్డులు పాతించింది. నీళ్ళ మోటార్లు ఆగాయి. రోకలి ఆగింది. పగలు వచ్చే బస్సు ఇంజను కట్టేసుకుంటే, ప్రయాణికులే దిగి దాన్ని వీధి దాటించారు. తోసేటప్పుడు హైస్సా అనబోయిన ఒకాయన నోరు కండక్టర్ మూశాడు.

"నీ జమిడిక జబ్బు ఊరందరికీ అంటుకున్నది గద ఓదేలూ," అన్నాడు ఎదురింటి మేదరి నర్సయ్య సైగలతో. ఆయన తట్టలల్లే వెదురు చీల్చకుండా కూర్చున్నాడు. వెదురు చీలితే చప్పుడు.

ఊరంతా చెవులప్పగించి ఊపిరి బిగబట్టింది. ఆ నిశ్శబ్దంలో ఓదేలు మీటాడు. జమిడిక మునుపెన్నడూ లేనంత నిండుగా మోగింది. బస్సు తోసేవాళ్ళు చేతులు వదిలేసి విన్నారు. ఎర్రదీపం పడింది.

కరుణాకర్ తెరవైపు చూసి అన్నాడు: "చూడయ్యా, నీ శబ్దం నిలకడగా లేదు. మొదలైన దగ్గర ఉండటం లేదు."

"మొదలైన కాడనే ఉంటే అది జమిడికెట్లయితది సారు? బడి గంటయితది."

"పైకి పోతుంది, వణుకుతుంది, మళ్ళీ కిందికి వస్తుంది."

"గాడ అమ్మ ఏడుస్తది సారు. ఏడుపు చక్కగ గీత గీసినట్టుంటదా?"

"మండలి ప్రమాణాల ప్రకారం ఏడుపు కూడా గీత గీసినట్టే ఉండవలెను," అన్నాడు కరుణాకర్. అని, తన మాట తనకే కొత్తగా వినిపించినట్టు తల గోక్కున్నాడు.

ఇక పెద్ద అధికారి రావలసి వచ్చింది. ఆయన మండలి జిల్లా సంచాలకులు భగవంతరావు గారు. రిటైరు కావడానికి దగ్గరపడిన మనిషి. ఆఫీసులో పగలంతా ఫోన్ల మోత, ఇంటికి పోతే టీవీ మోత, రెంటి నడుమ రోడ్డు మోత. ఆయన మొహంలో ఎప్పుడూ ఒక తలనొప్పి కాపురం ఉండేది. కారు దిగీ దిగగానే ప్రసంగం అందుకున్నారు.

"శబ్దమనునది సమాజమునకు సేవ చేయవలెను గాని, సమాజముపై పడరాదు. దోషము మూడు విధములు. యంత్రదోషము, పరిసరదోషము, మూలదోషము. మొదటి రెండూ నివారింపబడినవి. కనుక దోషము మూలమునందే కలదు."

"మూలమంటే ఏంది సారు?" అంది భూలచ్చమ్మ.

"నీ భర్త."

"గదైతె నాకు పెండ్లయిన్నాడే ఎరుక," అంది ఆమె. కరుణాకర్ నవ్వబోయి దగ్గాడు.

భగవంతరావు గారు పరిష్కారం కూడా చెప్పారు. మైకుకు వాయిద్యం మరీ దగ్గరగా ఉంటే వికృతి వస్తుంది. ఇది ఏ దేశంలోనైనా ఒప్పుకునే సూత్రం. కనుక ఎడం పెంచవలెను. ఎంత పెంచాలి? దోషం పోయేదాకా పెంచాలి.

ఓదేలు జమిడిక పట్టుకుని గదిలోంచి వాకిట్లోకి వెళ్ళాడు. ఎరుపు. వాకిట్లోంచి వీధిలోకి. ఎరుపే. వీధి చివర వేపచెట్టు దగ్గరికి. ఎరుపు కొంచెం పాలిపోయింది. భగవంతరావు గారి మొహం వికసించింది. "సరియైన దిశలో పోవుచున్నాము," అని, తాము మాత్రం కుర్చీలోనే ఉండి చేత్తో ఇంకా ఇంకా అని సైగ చేశారు. ఓదేలు చేనుగట్టు ఎక్కాడు. బర్రె అతన్ని చూసి సంతోషించింది. అక్కడి నుంచి మీటితే పసుపు పడింది.

"ఇంకొంచెం పోవాల్నట!" అని అరిచింది భూలచ్చమ్మ ఫోన్లో.

"ఇంకెక్కడికే? ముందు గుట్టనే ఉన్నది."

"గుట్టెక్కు మరి."

ఓదేలు గుట్టెక్కాడు. ఎండ మండిపోతున్నది. పైకి చేరేసరికి గొంతు పిడచకట్టింది. కింద ఊరు అరచేతంత కనిపిస్తున్నది. అందులో తన ఇల్లు ఏదో, ఆ ఇంట్లో తన పాట వినడానికి పెట్టిన మైకు ఎక్కడుందో గుర్తుపట్టడానికి ప్రయత్నించాడు. ఫోను తీసి చూస్తే సిగ్నల్ లేదు. మొదలుపెట్టాలో వద్దో చెప్పేవాళ్ళు లేరు. రాయి నీడన కూర్చుని, జమిడికను ఒళ్ళో పెట్టుకుని, నుదురు తుడుచుకున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. ఒక తొండ వచ్చి అతన్ని చూసి వెళ్ళింది. ఇక వాయిద్దామని లేస్తుండగా గుట్ట కింది నుంచి కరుణాకర్ రొప్పుతూ పైకి వస్తూ కనిపించాడు.

"పచ్చదీపం పడ్డదయ్యా!" అన్నాడు ఆయాసంతో. "ఒక్కసారి కూడా ఎరుపు రాలేదు. మొదట్నుంచి చివరిదాకా పచ్చే. రాష్ట్రంలో ఇప్పటిదాకా ఎవరికీ పడలేదట!"

ఓదేలు ఆయన వైపు చూశాడు, జమిడిక వైపు చూశాడు.

"సారు, నేనింకా వాయించలే."

కరుణాకర్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, కింద ఊరి వైపు చూసి, మళ్ళీ ఓదేలు వైపు చూశాడు. "ఈ సంగతి నాతో అంటే అన్నావు," అన్నాడు చివరికి. "పెద్దసారుతో నువ్వే చెప్పుకో."

ఇద్దరూ దిగి వచ్చేసరికి భగవంతరావు గారు చెవులకు పెద్ద డిప్పలు తగిలించుకుని కళ్ళు మూసుకుని ఉన్నారు. మొహంలో తలనొప్పి లేదు. వింటున్నకొద్దీ కనుబొమల నడుమ ముడి విడిపోతున్నది. రికార్డు చివరిదాకా కదలకుండా విని, డిప్పలు తీసి, తడి కళ్ళు తుడుచుకున్నారు.

"నా ఉద్యోగ జీవితంలో ఇంత నిర్మలమైన ధ్వని వినలేదు," అన్నారు.

"సారు, నేను అసలు వాయించనే లేదు," అన్నాడు ఓదేలు.

"వినయం! కళాకారులకు ఉండవలసిన మొదటి లక్షణం. కరుణాకర్, రాసుకోండి."

"వినయం గాదు సారు, సిగ్నల్ రాలే."

"అదియును రాసుకోండి. ప్రతికూల పరిస్థితులలో సాధన," అన్నారు భగవంతరావు గారు.

గుర్తింపు కార్డు వచ్చింది. ఓదేలు ఫోటో, జమిడిక ఫోటో, మధ్యలో పచ్చ చుక్క. ఊరు బతికింది. మోటార్లు మోగాయి, నర్సయ్య వెదురు చీల్చాడు, పుంజు మేనమామ ఇంటి నుంచి లావెక్కి తిరిగి వచ్చింది. ఓదేలు కార్డును భార్య చేతికి ఇచ్చి, జమిడికకు కొత్త నరం ఎక్కించడానికి కూర్చున్నాడు. జాతర రేపోమాపో.

అప్పుడు రాంచంద్రం ఇంకో కాగితం పట్టుకొచ్చాడు. మొహం బాగాలేదు.

"విషయము: ధ్రువీకృత ధ్వనిని జాతరలయందు వినియోగించుట," అని చదివాడు. "గుర్తింపు పొందిన ధ్వని యొక్క నాణ్యత ప్రత్యక్ష ప్రదర్శనలో దెబ్బతినే అవకాశము ఉన్నందున, ఇకమీదట ధ్రువీకృత రికార్డును మాత్రమే వినిపించవలెను. సదరు కళాకారుడు వేదికపై కుర్చీలో ఆసీనుడై సన్మానము స్వీకరించవలెను. వాయిద్యమును తాకరాదు."

ఓదేలు చేతిలో నరం అలాగే ఉండిపోయింది. "కారటు లేకుంటే కథ లేదన్నరు. కారటు తెచ్చుకుంటిని. ఉన్నా లేదంటున్నరా?"

"రికారటు ఉంటదన్నరు గద."

"దాంట్ల ఏమున్నది రాంచంద్రం? నేను గుట్ట మీద చెమట తుడుచుకున్నది ఉన్నది. అదన్న వినొస్తదో లేదో."

రాంచంద్రం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. భూలచ్చమ్మ పొయ్యి దగ్గరి నుంచే, "అన్నం తిను. జాతరకు పోదాం. కుర్చీ ఇస్తమన్నరు గద, కూసోనన్న కూసుందాం," అంది.

జాతరనాడు ఎల్లమ్మ గుడి ముందు పసుపు, కుంకుమ, పచ్చాకు పొడులతో ఓదేలే పట్నం వేశాడు. ముగ్గులకు ఇంకా మండలి ఏదీ పుట్టలేదు. బోనాలు వచ్చాయి. జనం నిండారు. పట్నం పక్కన బల్ల, బల్ల మీద ఓదేలు ఇంటి కంప్యూటర్, దాని నుంచి తీగలు పెద్ద పెద్ద డబ్బాలకు. ఓదేలుకు శాలువా కప్పి కుర్చీలో కూర్చోబెట్టారు. భూలచ్చమ్మ జమిడికను చంకన పెట్టుకుని కుర్చీ వెనక నిలబడింది. శివసత్తి కొమరవ్వ జుట్టు విరబోసుకుని, మొహాన పసుపు బండారి పూసుకుని, పట్నం అంచున సిద్ధంగా ఉంది.

భగవంతరావు గారు క్లుప్తంగా మాట్లాడతానని చెప్పి, క్లుప్తత గురించి చాలాసేపు మాట్లాడి, బొత్తాం నొక్కారు.

డబ్బాల్లోంచి నిర్మలమైన ధ్వని వెలువడింది. అంటే ఏమీ వినిపించలేదు. భగవంతరావు గారు కళ్ళు మూసుకున్నారు. జనం కాసేపు చూశారు. ఒక పిల్ల తుమ్మింది.

"సారు, వైరు ఊడినట్టున్నది," అన్నాడు ముందు వరసలో ఒకాయన.

"ఊడలేదు. మోగుచున్నది. పచ్చదీపం చూడుము."

"ఏం వినొస్తలేదు సారు."

"దోషము వినిపించుటలేదు. అంతే తేడా. మీకు అలవాటు లేక అట్లనిపిస్తున్నది."

జనం అలవాటు చేసుకోవడానికి ప్రయత్నించారు. కొందరు చెవి డబ్బాకు ఆనించారు. మేదరి నర్సయ్య, వీధిలో నేర్చుకున్న అలవాటు కొద్దీ, మళ్ళీ సైగల్లోకి దిగాడు. కొమరవ్వ ఒక కాలి మీద బరువు మార్చి ఇంకో కాలి మీద వేసింది. మళ్ళీ మార్చింది.

"నిలవడి నిలవడి కాళ్ళు గుంజుతున్నయ్. అమ్మ వస్తదా రాదా చెప్పుండ్రి," అంది చివరికి. "ఇంటికాడ బియ్యం నానవోసచ్చిన."

భగవంతరావు గారు కార్యక్రమ పట్టిక చూశారు. "పూనకము ఈపాటికే ప్రారంభము కావలసియున్నది."

"వినొస్తే గద సారు పూనేది! విత్తనం సంగతి ఎట్ల మరి? ఊరంతా అడుగుతది నన్ను."

జనంలో కలకలం లేచింది. విత్తనం మాట ఎత్తగానే అందరూ ఓదేలు వైపు చూశారు. ఓదేలు శాలువా కింద తన చేతుల్ని చూసుకుంటున్నాడు. కుడిచేతి వేళ్ళు తమకు తామే తొడ మీద పుల్ల ఆడిస్తున్నాయి. అతను ఆపుదామనుకున్నాడు. అవి ఆగలేదు.

భూలచ్చమ్మ వంగి అతని చెవిలో అంది: "ఏం జూస్తున్నవ్? అది మోగుతనే ఉన్నది. నువ్వు గూడ మోగు."

ఓదేలు లేచాడు. శాలువా మడిచి కుర్చీలో పెట్టాడు. జమిడిక అందుకుని చంకన ఇరికించి, నరం బిగించి మీటాడు.

గుర్రుమని లేచిన ఆ చప్పుడుకు భగవంతరావు గారు కుర్చీలోంచి లేచారు. "ఆపండి! ఇది నిబంధనలకు విరుద్ధము!"

"ఏ నిబంధన సారు?" అంది భూలచ్చమ్మ. "మీ రికారటు వినిపియ్యాలె అన్నరు. వినిపిస్తున్నరు. మేము దాన్ని బందువెట్టినమా? పచ్చదీపం పోయిందా? మా ఆయన చప్పుడు మీ చప్పుడుకు అడ్డమొచ్చిందా, చెప్పుండ్రి?"

భగవంతరావు గారు తెర చూశారు. రికార్డు నడుస్తున్నది. దీపం పచ్చగా ఉంది. ఆయన కరుణాకర్ వైపు తిరిగారు. కరుణాకర్ కాగితం తిరగేసి, ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ చదివాడు.

"వాయిద్యాన్ని తాకరాదని కుర్చీలో కూర్చున్న కళాకారుడికే రాసి ఉన్నది సార్," అన్నాడు తల ఎత్తకుండా. "ఇతను లేచి నిలబడ్డాడు. నిలబడ్డవాళ్ళ గురించి ఏమీ లేదు."

ఈలోగా ఓదేలు కథలోకి దిగిపోయాడు. మైకు లేదు. జనమే ముందుకు జరిగారు. ఏడుగురు అన్నలు కలిసి ఎల్లమ్మను మాటన్నారు. ఆ మాట పడలేక ఆమె కట్టుబట్టలతో ఊరు విడిచి బయలుదేరింది. జమిడిక ఆమె వెంట నడిచింది, ఆమె ఆగితే ఆగింది, ఆమె వెనక్కి తిరిగి ఇంటివైపు చూస్తే వణికింది. భూలచ్చమ్మ వంత అందుకుంటే వెనక వరసలో ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు అడ్డం పెట్టుకున్నారు. కొమరవ్వ తల ఊగింది. జుట్టు ఒకసారి ఇటు, ఒకసారి అటు పడింది. ఒక్క కేక వేసి పట్నం మధ్యలోకి దూకింది.

భగవంతరావు గారు కరుణాకర్‌కు నివేదిక చెప్పసాగారు. "ధ్రువీకృత ధ్వనిముద్రణ యొక్క ప్రభావముచేత ప్రజలు తన్మయులైరి. శివసత్తి పూనకము పట్టికలో చూపిన సమయమునకు స్వల్పముగా ఆలస్యమైనను..."

"విత్తనం ముందు వెయ్యిండ్రి!" అంది కొమరవ్వ నోట అమ్మ. "మొదటి వాన నమ్మదగ్గదే!" ఊరు అమ్మయ్య అనుకుంది. అమ్మ కళ్ళు తిరిగి తిరిగి బల్ల మీద పడ్డాయి. "ఎవడ్రా నా ముంగట మూగడబ్బా వెట్టింది?"

భగవంతరావు గారు చేతులు జోడించారు.

"ఇది కూడా నివేదికలో రాయాలా సార్?" అన్నాడు కరుణాకర్.

"అవసరము లేదు."

అమ్మ శాంతించింది. కథ సాగింది. ఎల్లమ్మ వాగు దగ్గరికి వచ్చింది. వాగు రెండు గట్లు ఒరుసుకుని పారుతున్నది. అవతల చెట్టుచేమా కనిపించడం లేదు. వెనక అన్నలు కట్టెలు పట్టుకుని తరుముకొస్తున్నారు. ఎల్లమ్మ నీళ్ళలో కాలు పెట్టింది. మోకాలు మునిగింది, నడుము మునిగింది. జమిడిక గొంతు లోతుకు దిగింది. కరుణాకర్ కలం ఆగింది. భగవంతరావు గారి నివేదిక ఒక వాక్యం మధ్యలో ఆగింది. ఆయన కుర్చీ కొసకు జరిగారు.

అప్పుడు కంప్యూటర్ చిన్నగా టింగుమన్నది. తెర మీద పచ్చదీపం ఆరింది.

"సార్, రికార్డు అయిపోయింది," అన్నాడు కరుణాకర్.

ఓదేలు పుల్ల గాల్లో ఆగింది. ధ్రువీకృత ధ్వని ఆగిన తర్వాత ఇంకే ధ్వనీ ఉండకూడదన్నది అతనికీ తెలుసు. జనానికీ తెలుసు. బందోబస్తుకు వచ్చిన కానిస్టేబులు లాఠీ సర్దుకున్నాడు. ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. వాగు మధ్యలో ఎల్లమ్మ నిలబడిపోయింది.

భగవంతరావు గారు ఓదేలు వైపు చూశారు. చీకటిపడ్డ తెర వైపు చూశారు.

"అయిపోయిందా?" అన్నారు. "మరి ఆమె దాటిందా?"

"లేదు సారు," అన్నాడు ఓదేలు. "నడుమున్నది. నీళ్ళు మెడకాడికొచ్చినయ్."

"అన్నలు?"

"గట్టు మీదికొచ్చిండ్రు."

"గట్లెట్ల ఇడిసిపెడతమయ్యా నడి వాగుల!" అన్నారు భగవంతరావు గారు. అది ఏ కాగితం మీదా ఉండే తెలుగు కాదు. ఆయన సొంత ఊరి తెలుగు. కరుణాకర్ పక్కకు జరిగితే తామే బల్ల దగ్గరికి వెళ్ళి, బొత్తాం వెతుక్కుని, రికార్డును మళ్ళీ మొదటి నుంచి పెట్టారు. పచ్చదీపం వెలిగింది. డబ్బాలు మళ్ళీ నిర్మలంగా మోగసాగాయి.

ఆయన వచ్చి కుర్చీ వదిలేసి, జనంతోపాటు కింద కూర్చున్నారు.

"నువ్వు మాత్రం మొదట్నుంచి గాదు," అన్నారు ఓదేలుతో. "వాగుకాడికెల్లి చెప్పు."